మెల్‌బోర్న్ కప్: బరువులు చెప్పే చరిత్ర

(మెల్‌బోర్న్‌లోని తెలుగువారి ముందు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

గుర్రప్పందెం కోసం ప్రభుత్వమే సెలవిచ్చే ఊళ్లో ఉంటున్నాం మనం. నవంబరు మొదటి మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటలు, ఫ్లెమింగ్టన్ రేసుకోర్సు, 3200 మీటర్లు, 24 గుర్రాలు. ఇంతవరకు మీకు తెలుసు. టోపీలు, షాంపేన్ల సంగతి కూడా తెలుసు, అవి పక్కన పెడదాం. 1861లో మొదలైన ఈ పందెం చరిత్రని ఇవాళ ఒక్క దారిలోనే చెప్తాను. ఆ దారి పేరు బరువు. ఏ గుర్రం ఎంత బరువు మోసిందన్నది చూడకపోతే ఈ పందెంలో ఎవరు గొప్ప, ఎవరు అదృష్టవంతులు అన్నది అసలు అర్థం కాదు.

ఇంగ్లండులో ఎప్సమ్ డెర్బీ 1780 నుంచి జరుగుతోంది. అందులో మూడేళ్ల గుర్రాలే పరుగెత్తుతాయి. మగగుర్రాలన్నిటికీ ఒకే బరువు, ఆడగుర్రాలకు కొంచెం తగ్గింపు. పారిస్‌లో 1920లో మొదలైన ఆర్క్ ద త్రియోంఫ్‌లో వయసును బట్టి బరువు. ఈ రెండింట్లోనూ మేలైన గుర్రానికి అడ్డం ఏమీ ఉండదు. మెల్‌బోర్న్ కప్ అలా కాదు, ఇది హ్యాండీక్యాప్. ఎంత మంచి గుర్రమైతే అంత ఎక్కువ బరువు వేస్తారు. అన్ని గుర్రాలూ ఒకేసారి గీత దాటేలా బరువులు పంచడం హ్యాండీక్యాపర్ పని. అది ఎప్పుడూ కుదరదు, కుదరకపోవడంలోనే పందెం ఉంది. మన మలక్‌పేటలో వారం వారం జరిగేవి కూడా ఎక్కువ హ్యాండీక్యాప్ పందేలే కాబట్టి హైదరాబాదు రేసులు చూసినవాళ్లకు పద్ధతి కొత్త కాదు. మామూలు పందేలకు వాడే ఆ పద్ధతిని ఇక్కడ దేశంలోకెల్లా పెద్ద పందేనికి వాడారు. విచిత్రం అదే.

అసలు ఎందుకలా పెట్టారు? అప్పుడు మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా కాలనీ బంగారు గనుల డబ్బుతో ఉబ్బిపోయి ఉంది. విక్టోరియా టర్ఫ్ క్లబ్బుకు పెద్ద కెప్టెన్ ఫ్రెడరిక్ స్టాండిష్. ఆయనే కాలనీ పోలీసు చీఫ్ కమిషనరు కూడా! ఈ పందెం ఆలోచన ఆయనదే అంటారు. పక్క కాలనీల గుర్రాలు రావాలి, బెట్టింగు బాగా సాగాలి. ఒక్క గుర్రమే గెలుస్తుందని ముందే తెలిస్తే మిగతా ఓనర్లు ఎందుకొస్తారు? అందుకని హ్యాండీక్యాప్.

ఇక్కడ చరిత్ర కాసేపు ఆపి, బరువు ఎలా వేస్తారో చూద్దాం.

వందకు పైగా గుర్రాలు పేర్లిస్తాయి. హ్యాండీక్యాపర్ ప్రతి గుర్రం పాత పందేలు చూసి రేటింగ్ కట్టి, దాన్ని కిలోలుగా మారుస్తాడు. ఇప్పుడు కనిష్ఠం 50 కిలోలు, పైన ఉండే గుర్రానికి 58 కిలోల చుట్టుపక్కల. బరువులు ప్రకటించాక ఏదైనా గుర్రం పెద్ద పందెం గెలిస్తే అదనంగా కొంత వేసే అధికారం హ్యాండీక్యాపర్‌కు ఉంది. మెల్‌బోర్న్‌లోనే జరిగే మరో పెద్ద పందెం కోల్‌ఫీల్డ్ కప్ గెలిచిన గుర్రానికి వేస్తారా, ఎంత వేస్తారు అని ప్రతి అక్టోబరులో చర్చ జరిగేది దీని గురించే. పరుగెత్తడానికి 24 గుర్రాలకే చోటు. కాక్స్ ప్లేట్, కోల్‌ఫీల్డ్ కప్ లాంటివి గెలిస్తే చోటు ఖాయం, మిగతావాటికి వరుస క్రమం. అందుకే చిన్న బరువు పడితే పండగ అనుకోకూడదు. మరీ చిన్నదైతే వరుసలో కింద పడి అసలు పందెంలోకే రాలేకపోవచ్చు.

పందెం రోజు జాకీ తన జీనుతో సహా తూకమెక్కుతాడు. హెల్మెట్, కొరడా ఆ లెక్కలోకి రావు. గుర్రానికి 55 కిలోలు వేశారనుకోండి, జాకీ జీనుతో కలిపి 52 తూగాడనుకోండి. తక్కువైన మూడు కిలోలకు సీసం పలకలు పెడతారు. జీను కింద వేసే గుడ్డకు రెండు పక్కలా జేబులుంటాయి, వాటిలో సరిసమానంగా దూర్చాలి. ఒక పక్క ఎక్కువైతే జీను పక్కకు లాగుతుంది, రెండు మైళ్లలో అది గుర్రం వీపును ఒరిపిడి పెడుతుంది. ఇంకో సంగతి. సీసం నిర్జీవమైన బరువు, జాకీ సజీవమైన బరువు. మేలుకున్న పిల్లవాణ్ణి ఎత్తుకోవడానికీ, నిద్రపోయినవాణ్ణి ఎత్తుకోవడానికీ ఉన్న తేడానే. అందుకని బరువు ఎక్కువ పడ్డ గుర్రానికి సీసంతో నింపడం కన్నా, బరువైన జాకీని పెట్టుకోవడం మేలనే ట్రైనర్లు చాలామంది. 50, 51 కిలోలు పడ్డ గుర్రానికి దీనికి తిరగేసిన కష్టం. అంత తేలిగ్గా ఉండే మంచి జాకీలు కొద్దిమందే. వారాల ముందునుంచి తిండి తగ్గించి, చివరి రోజు చెమట కార్చి నీళ్లు పోగొట్టుకుని తూకానికి సరిపోయిన జాకీకి ఆఖరి 400 మీటర్లలో చేతుల్లో పట్టుండదు. తూకం దగ్గర మిగిలిందనుకున్న అర కిలో అక్కడ పోతుంది.

అర కిలో అంటే ఏమంత అనుకోకండి. బ్రిటిష్ హ్యాండీక్యాపర్ల మోటు లెక్క ఒకటుంది. అయిదు ఫర్లాంగుల స్ప్రింటులో మూడు పౌండ్లు ఒక లెంగ్త్ తేడా తెస్తాయి. మైలుకు దాదాపు రెండు పౌండ్లు చాలు. రెండు మైళ్లకు ఒక్క పౌండే ఒక లెంగ్త్. లెంగ్త్ అంటే గుర్రం నిడివి, దాదాపు రెండున్నర మీటర్లు. కప్పులో గెలుపు ముక్కు తేడాతో కూడా వస్తుంది. 2011లో డునాడెన్, రెడ్ కాడో పక్కపక్కనే గీత దాటితే ఫోటో చూసి డునాడెన్‌కు ఇచ్చారు. అక్కడ అర కిలో ఖరీదు ఎంతో మీరే లెక్క వేసుకోండి.

సరే, 1861కి వెళ్దాం. మొదటి పందెంలో 17 గుర్రాలు. మూడు పడిపోయాయి, వాటిలో రెండు చనిపోయాయి. సిడ్నీ వైపు నుంచి వచ్చిన ఆర్చర్, 9 స్టోన్ 7 పౌండ్లు, అంటే 60 కిలోల పైన మోసి, మార్మన్ అనే స్థానిక గుర్రాన్ని ఆరు లెంగ్త్‌ల తేడాతో ఓడించింది. ట్రైనర్ ఎటియెన్ డి మెస్ట్రె. ఆర్చర్‌ను ఎనిమిది వందల కిలోమీటర్లు నడిపించి తెచ్చారనే కథ ఇప్పటికీ చెప్తారు. కాదు, ఓడలో తెచ్చారు. 1862లో బరువు 64 కిలోలకు పెంచారు. ఈసారి ఎనిమిది లెంగ్త్‌లతో గెలిచింది.

1863లో ఆర్చర్‌కు 11 స్టోన్ 4 పౌండ్లు వేశారు. దాదాపు 72 కిలోలు. అయినా డి మెస్ట్రె సరేనని టెలిగ్రాం పంపాడు. ఆ రోజు మెల్‌బోర్న్‌లో సెలవు. టెలిగ్రాం గడువు దాటాక చేరింది, నిర్వాహకులు ఒప్పుకోలేదు. ఇతర కాలనీల ఓనర్లు కోపంతో తమ గుర్రాల్ని వెనక్కి తీసుకున్నారు. చివరికి ఏడే గుర్రాలు పరుగెత్తాయి. గెలిచిన బ్యాంకర్ మోసిన బరువు ఎంతో తెలుసా? 5 స్టోన్ 4 పౌండ్లు. 33 కిలోల చిల్లర! ఆర్చర్‌కు వేసిన దాంట్లో సగం కూడా కాదు.

అంత తక్కువ బరువుకు పెద్దవాళ్లు ఎలా సరిపోతారు? సరిపోరు. పిల్లల్నే ఎక్కించేవాళ్లు. 1876లో బ్రైసెయిస్ అనే ఆడగుర్రం 40 కిలోల లోపు బరువుతో గెలిచింది. దానిమీద ఉన్న పీటర్ సెయింట్ ఆల్బన్స్‌కు పదమూడేళ్లు కూడా నిండలేదు. నేటి 50 కిలోల కనిష్ఠం కొందరికి చాదస్తంలా కనిపించవచ్చు గానీ, అది లేకపోతే ఏమవుతుందో ఆ రోజులే చెప్తాయి.

మంగళవారం ఆనవాయితీ 1875 నుంచి. యుద్ధకాలంలో, 1942 నుంచి 44 దాకా, శనివారాలు జరిపారు.

మొదటి కప్పుల కాలంలోనే ఆస్ట్రేలియా గుర్రాలు మన వైపు కూడా వస్తుండేవి. న్యూ సౌత్ వేల్స్ నుంచి బ్రిటిష్ ఇండియా సైన్యానికి వేలర్ గుర్రాల్ని మద్రాసు, కలకత్తా రేవుల్లో దించేవాళ్లు. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే కదా. అయితే వేలర్లు సైన్యం పనికి పెంచిన గుర్రాలు. కప్పులో పరుగెత్తే థరోబ్రెడ్లు వేరు, రెండూ కలిపేసుకోకండి.

1890 దగ్గర కొంచెం ఆగాలి. ఆ ఏడాది 39 గుర్రాలు బరిలో దిగాయి. ఇంతవరకు ఏ కప్పులోనూ అన్ని లేవు. న్యూజిలాండ్‌లో పుట్టిన కార్బైన్ మీద 10 స్టోన్ 5 పౌండ్లు, దాదాపు 66 కిలోలు. అంత బరువుతో 38 గుర్రాల్ని వెనక్కి నెట్టి, 3 నిమిషాల 28 పావు సెకన్లతో అప్పటి కప్ రికార్డు కూడా కొట్టింది. ఆ బరువుతో గెలిచిన గుర్రం అంతకు ముందు లేదు, తర్వాతా లేదు. కప్ చరిత్రలో గొప్ప పరుగు ఏది అంటే చాలామంది ఫార్ ల్యాప్ పేరు చెప్తారు. నా ఓటు మాత్రం కార్బైన్‌కే.

కార్బైన్‌ను 1895లో ఇంగ్లండుకు తీసుకెళ్లారు. అక్కడ దాని కొడుకు స్పియర్‌మింట్ 1906లో ఎప్సమ్ డెర్బీ గెలిచింది. స్పియర్‌మింట్ కూతురు క్యాట్‌నిప్, క్యాట్‌నిప్ కూతురు నొగారా, నొగారా కొడుకు ఇటలీ గుర్రం నియార్కో. నియార్కో మనవడు నార్దర్న్ డాన్సర్. నేటి యూరప్ గుర్రాల్లో ఈ వంశం తగలనిది వెతకడం కష్టం. ఈ సంగతి గుర్తుంచుకోండి, విదేశీ గుర్రాల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఫార్ ల్యాప్ కూడా న్యూజిలాండ్ గుర్రమే. 160 గినీలకు కొన్నది. 1929లో 47 కిలోలతో మూడో స్థానం. 1930లో, పందేనికి మూడు రోజుల ముందు శనివారం పొద్దున, కారులో వచ్చిన ఎవరో దానిమీద కాల్పులు జరిపారు. గురి తప్పింది. మంగళవారం జిమ్ పైక్ ఎక్కి, 62.5 కిలోలతో తేలిగ్గా గెలిచింది. రూపాయి కాస్తే ముప్పావలా లాభం కూడా రాని ధర, 8/11. కప్ చరిత్రలో అంత తక్కువ ధర పలికిన ఫేవరెట్ లేదు. మరుసటి ఏడు హ్యాండీక్యాపర్ 10 స్టోన్ 10 పౌండ్లు వేశాడు, 68 కిలోలు. ఎనిమిదో స్థానం. గెలిచిన వైట్ నోజ్ మీద 6 స్టోన్ 12. స్టోన్ అంటే 14 పౌండ్లు, కాబట్టి తేడా 54 పౌండ్లు! మనం ఇందాక చెప్పుకున్న లెక్క అంత దూరం నేరుగా సాగదు గానీ, ఏ గుర్రమైనా దాటలేని దూరం అది. ఫార్ ల్యాప్ ఓడిపోయిందని రాస్తారు. తూకమే ఓడించింది అంటాను నేను. 1932లో అది కాలిఫోర్నియాలో చనిపోయింది. దాని గుండె, 6.2 కిలోలు, కాన్‌బెర్రాలో ఉంది. చర్మం మెల్‌బోర్న్ మ్యూజియంలో, ఎముకలు వెల్లింగ్టన్‌లో.

1972లో మైళ్లు పోయి మీటర్లు వచ్చాయి. రెండు మైళ్ల కన్నా 3200 మీటర్లు దాదాపు 19 మీటర్లు తక్కువ. పాత కాలాలను కొత్తవాటితో పోల్చేటప్పుడు ఇది మరిచిపోతుంటారు. ఇప్పటి రికార్డు 1990లో కింగ్‌స్టన్ రూల్ పరుగెత్తిన 3 నిమిషాల 16.3 సెకన్లు. ఆ గుర్రం ట్రైనర్ బార్ట్ కమింగ్స్, 1965 నుంచి 2008 మధ్య పన్నెండు కప్పులు గెలిచిన మనిషి. కప్పుకు ముందు గుర్రం కాళ్లలో పందేల రూపంలో 10,000 మీటర్ల పరుగు ఉండాలన్నది ఆయన సూత్రం. అయిదారు పందేలు, దూరం మెల్లగా పెంచుకుంటూ రావాలి. తక్కువైతే ఆఖరి 400 మీటర్లలో ఊపిరి చాలదు, మరీ ఎక్కువైతే నవంబరుకు గుర్రం అలిసిపోయి ఉంటుంది.

ఆ సూత్రాన్ని 1993లో ఐర్లండ్ నుంచి వచ్చిన వింటేజ్ క్రాప్ తలకిందులు చేసింది. ట్రైనర్ డెర్మట్ వెల్డ్ దాన్ని విమానంలో తెచ్చి, ఆస్ట్రేలియాలో ఒక్క పందెమైనా ఆడించకుండా నేరుగా కప్పులో దించాడు. 55.5 కిలోలతో జాకీ మిక్ కినేన్ గెలిపించాడు. ఉత్తరార్ధగోళంలో శిక్షణ పొందిన గుర్రం కప్ గెలవడం అదే మొదలు. అప్పటిదాకా ఇది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఇంటి పండగ. అక్కడినుంచి అంతర్జాతీయ పందెం అయింది. 2006లో జపాన్ గుర్రాలు డెల్టా బ్లూస్, పాప్ రాక్ మొదటి రెండు స్థానాలూ పట్టుకుపోయాయి. 2010, 2011 రెండేళ్లూ ఫ్రాన్స్ నుంచి వచ్చిన గుర్రాలే. 2018లో దుబాయి పాలకుడి గుర్రాల సంస్థ గొడాల్ఫిన్ వాళ్లు ఎన్నో ఏళ్ల ప్రయత్నం తర్వాత క్రాస్ కౌంటర్‌తో గెలిచారు.

విదేశీ గుర్రం అనగానే హ్యాండీక్యాపర్‌కు తలనొప్పి. ఐర్లండ్‌లో తడి పచ్చికమీద, వేరే వేగంతో సాగిన పందేల రేటింగును ఇక్కడి గట్టి నేలకు, పరుగు మొదటినుంచీ చక్కగా సాగే పందేనికి ఎలా మార్చాలి? వయసుది మరో చిక్కు. ఇక్కడ గుర్రాలన్నిటికీ ఆగస్టు 1 పుట్టినరోజు, ఉత్తరాన జనవరి 1. ఉత్తరార్ధగోళం లెక్కలో మూడేళ్ల గుర్రాలకు నవంబరులో తేలిక బరువు పడేది, అప్పటికింకా అవి ఎదుగుతూనే ఉండేవి. 2017లో రికిండ్లింగ్ 51.5 కిలోలతో, 2018లో క్రాస్ కౌంటర్ 51 కిలోలతో గెలిచాయి. రెండూ అలాంటివే. వరుసగా రెండేళ్లు అదే జరిగితే అదృష్టం అనలేం, లెక్కలో సందు దొరికిందనే అనుకోవాలి.

దీనికి ఎదురు ఉదాహరణగా ఒక పేరు చెప్పాలి, మకైబీ దివా. పోర్ట్ లింకన్‌లో ట్యూనా చేపల వ్యాపారి టోనీ సాంటిక్ గుర్రం. ఆఫీసులో పనిచేసే అయిదుగురు ఆడవాళ్ల పేర్లలోంచి రెండేసి అక్షరాలు తీసి ఆ పేరు కట్టారు. ఈ ఆడగుర్రం 2003లో 51 కిలోలు, 2004లో 55.5, 2005లో 58 మోసింది. మూడుసార్లూ గెలిచింది, మూడుసార్లూ గ్లెన్ బాస్ జాకీ. మూడు కప్పులు గెలిచిన గుర్రం ఇదొక్కటే. ఆ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ఏటా బరువేసి ఆపుదామనుకున్నారు, ఆగలేదు.

ఇప్పుడు అంత బాగుండని భాగం. 2013లో వెరెమా, 2014లో ఆడ్మైర్ రక్తి, అరాల్డో, 2015లో రెడ్ కాడో, 2018లో ది క్లిఫ్స్ ఆఫ్ మోహర్, 2020లో ఆంథొనీ వాన్ డైక్. ఇవన్నీ కప్పులో పరుగెత్తి చనిపోయిన గుర్రాలు. కారణాలు ఒకటి కాదు. ఆడ్మైర్ రక్తిది గుండె. అరాల్డో పందెం అయిపోయాక జెండా చూసి బెదిరి కంచెను తన్ని కాలు విరగ్గొట్టుకుంది. ఆంథొనీ వాన్ డైక్‌కు గిట్టపైన ఉండే కీలు దగ్గర ఎముక విరిగింది. పరుగులో గుర్రం భారమంతా ఒక్క క్షణం ఒక్క ముందుకాలి మీద పడుతుంది. ఏళ్ల తరబడి ఆ తాకిడికి ఎముకలో కంటికి కనపడని పగుళ్లు వస్తాయి. విశ్రాంతి ఉంటే మానిపోతాయి, లేకపోతే ఒకదానితో ఒకటి కలిసి ఒకరోజు ఒక్కసారిగా విరుగుతాయి. కుంటడం కూడా లేకుండా పగులు ఉండగలదు. అందుకే బయటినుంచి పశువైద్యుడి పరీక్ష చాలదు.

2021లో ఇక్కడి గుర్రప్పందేలను నియంత్రించే సంస్థ రేసింగ్ విక్టోరియా నియమాలు మార్చింది. విదేశీ గుర్రాలకు బయల్దేరకముందే స్కాన్లు. కప్పులో దిగే ప్రతి గుర్రానికీ కాళ్లకు సీటీ స్కాన్. టార్నీట్, పాయింట్ కుక్ వైపు ఉండే మనవాళ్లకు వెర్రిబీ రేసుకోర్సు తెలిసే ఉంటుంది. విదేశీ గుర్రాల క్వారంటైన్ అక్కడే, స్కాన్లు తీసే పశువైద్యశాలా వెర్రిబీలోనే. గుర్రానికి మత్తు తక్కువగా ఇచ్చి, నిలబెట్టి ఉంచే కాళ్లు స్కాన్ చేస్తారు. పూర్తి మత్తిస్తే లేచేటప్పుడు తూలి పడి బాగున్న ఎముకే విరగ్గొట్టుకోవచ్చు. ఆ తర్వాత కప్పులో అలాంటి చావులు ఆగాయి. వివాదం లేకుండా రాలేదు అది. 2024లో ఐర్లండ్ ట్రైనర్ ఐడన్ ఓబ్రియన్ గుర్రం యాన్ బ్రూఖెల్‌ను స్కాన్లు చూసి ఆపేశారు, ఆ పక్షం గట్టిగా అభ్యంతరం చెప్పింది. మరుసటి వేసవిలో అదే గుర్రం ఎప్సమ్‌లో కొరొనేషన్ కప్ గెలిచింది. ఆపడం తప్పా? అని అడుగుతారు. నా ఉద్దేశంలో కాదు. స్కాన్ చెప్పేది ప్రమాదం ఎంత ఎక్కువ అని. ఫలానా గుర్రానికి తప్పకుండా కాలు విరుగుతుందని అది ఎప్పుడూ చెప్పదు.

దీంతో విమానాల్లో వచ్చే గుర్రాలు తగ్గాయి. ఇక్కడి ఓనర్లు యూరప్‌లో రెండేళ్లు పరుగెత్తిన గుర్రాన్నే కొనేసి ఇక్కడి ట్రైనర్లకు ఇస్తున్నారు. 2022 విజేత గోల్డ్ ట్రిప్ అలా వచ్చినదే. ఇక్కడ పుట్టినవి ఎందుకు తక్కువ? 1957లో మొదలైన గోల్డెన్ స్లిప్పర్ రెండేళ్ల గుర్రాలకు 1200 మీటర్ల పందెం, బహుమానం భారీ. కొన్న ఏడాదికే డబ్బు తిరిగొచ్చే పిల్లలకే వేలంలో ధర. 3200 మీటర్లకు ఎదగాలంటే నాలుగైదేళ్లు మేపాలి, అంత ఓపిక ఎవరికి? అందుకే దూరం పరుగెత్తే రక్తాన్ని బయటినుంచి తెచ్చుకుంటున్నారు. కార్బైన్‌ను అమ్మేసి, దాని మునిమనవళ్లను డబ్బిచ్చి కొనుక్కుంటున్నారన్నమాట. అయినా 2024లో నైట్స్ చాయిస్, 2025లో హాఫ్ యువర్స్ గెలిచాయి. రెండూ ఆస్ట్రేలియాలో పుట్టినవే.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: ఆడ జాకీలు ఎంతమంది గెలిచారు?

ఇద్దరు. 2015లో మిషెల్ పేన్, ప్రిన్స్ ఆఫ్ పెన్జాన్స్ మీద, 53 కిలోలు, రూపాయికి వంద వచ్చే ధర. తర్వాత 2025లో జేమీ మెల్హమ్. కప్పులో అందరికీ తూకం ఒకటే, ఆడ జాకీ అని తగ్గింపు లేదు.

ప్రశ్న: మా ఆఫీసులో స్వీప్, అంటే తలా కొంత డబ్బు వేసి గుర్రాల పేర్ల చీటీలు తీసే ఆట, వేస్తారు. చీటీలో ఏ గుర్రం వస్తే ఆశ పెట్టుకోవచ్చు?

పేరు వదిలేసి మూడు అంకెలు చూడండి. మోసే బరువు, ఇంతకు ముందు పరుగెత్తిన గరిష్ఠ దూరం, చివరి పందెం ఎన్ని రోజుల కిందట అన్నది. 2400 మీటర్లు దాటి ఎప్పుడూ పరుగెత్తని గుర్రానికి 50 కిలోలే పడినా ఆశ తక్కువ. ఫ్లెమింగ్టన్ చుట్టు 2300 మీటర్ల పైనే, అంటే స్టాండు ముందునుంచి ఒకసారి దాటాక ఇంకా పూర్తి చుట్టు మిగిలి ఉంటుంది. అక్కడ మీ గుర్రం ముందుందని సంబరపడకండి. పందెం అయ్యాక జాకీలు మళ్లీ తూకమెక్కుతారు. రావలసిన దానికన్నా అర కిలో మించి తగ్గితే గుర్రాన్ని అనర్హం చేస్తారు. 'కరెక్ట్ వెయిట్' అని ప్రకటించేదాకా చీటీ చించకండి.